ఏం పెడుతున్నారని అడిగింది డాక్టరమ్మ

మా కుక్క నీళ్ళు ఎక్కువగా తాగుతోందని ముందు గమనించింది నా భార్య. అది మంచి లక్షణమేనని తేల్చి చెప్పింది నేను.

అప్పుడు ఎండలు ముదిరి ఉన్నాయి. నగరం చివర కొత్తగా లేచిన క్లైడ్ నార్త్‌లో మా వీధి చెట్లు ఇంకా కర్రల ఆసరాతో నిలబడే వయసులో ఉన్నాయి. వాటి కింద కాకికి కూడా నీడ దొరకదు. నోరెండి తాగుతోంది, తాగనీ అన్నాను. రోజుకు ఒకసారి నింపే గిన్నెను మూడుసార్లు నింపాల్సి వచ్చేది. తరువాత ఎండలు పోయి, ఉదయం స్వెట్టరు వేసుకునే రోజులు వచ్చాయి. గిన్నె మాత్రం మూడుసార్లూ ఖాళీ అవుతూనే ఉంది. ఒకరోజు అది లాండ్రీ గదిలో మూత్రం పోసింది. మాతో ఉన్న తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ చేయని పని. చేసి, గోడవైపు మొహం పెట్టుకుని నిలబడింది. నేను దానివైపు చూడకుండా నేల తుడిచి బయటికి వచ్చేశాను. దాని పరువు దానికి ఉంటుంది.

"కిడ్నీలేమైనా తేడా చేశాయంటారా?" అంది నా భార్య.

"కిడ్నీలు చెడితే మూత్రం ఆగిపోతుంది. దీనికి ధారాళంగా వస్తోంది. ఇంతకంటే మంచి కిడ్నీలు ఎవరికుంటాయి?" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకున్నంత నిశ్చయం, ఆ తరువాత దాని విషయంలో ఒక్కసారి కూడా కలగలేదు.

ఆ కుక్క నాది కాదు. మా అమ్మాయి యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో తెచ్చుకున్న కెల్పీ. గొర్రెల మందలను కాసే జాతి. నేనూ నా భార్యా ఈ దేశం వచ్చిన రోజు భోజనానికి కూర్చుంటే, అది తిన్నగా వచ్చి నా కుర్చీ పక్కన కూర్చుంది. ఎవరూ నేర్పలేదు. నేను మొదటి ముద్ద కలిపి దానికి పెట్టాను. మా ఇంట్లో పద్ధతి అది. ఇంటి పెద్ద తను తినే ముందు ఒక ముద్ద వాకిట్లో ఉన్న నోరులేని జీవానికి పెట్టాలి. ఆ రోజు మొదలు అది మా అమ్మాయి కుక్కగా ఉంటూనే నా భోజనానికి హాజరయ్యేది.

పద్ధతి గురించి చెప్పాను కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. మాది రైల్వేస్టేషను ఎదుట సత్రం నడిపిన కుటుంబం. మా ముత్తాత కట్టించాడు. ఎవరొచ్చినా రెండు పూటలా భోజనం, ఎవరివని అడిగేవాడు లేడు. మా నాన్నగారి చేతికి వచ్చేసరికి పొలాలు పోయాయి, తరువాత సత్రం పోయింది. ఇప్పుడది పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలు. ఎలా పోయిందన్నది ఇక్కడ రాయను. పోయినవాటి గురించి ఏడవడం మా వాళ్ళకు అలవాటు లేదు. సత్రంతో పాటు పోనిది ఒకటుంది. పెట్టినదాని గురించి నోరెత్తకూడదన్న నియమం. ఎవరికి పెట్టాం, ఏం పెట్టాం, ఎంత పెట్టాం, ఇవేవీ పైకి చెప్పకూడదు. చెబితే పెట్టింది చెల్లదని మా తాతగారి నమ్మకం. చిన్నప్పుడు, ఫలానా బైరాగి నాలుగుసార్లు వడ్డించుకున్నాడని నవ్వుతూ చెప్పినందుకు నన్ను ఒక పూట పస్తు పెట్టారు. అది నాకు బాగా పట్టింది.

ఇక్కడ నా ఉద్యోగం బడి ఎదుట పిల్లల్ని రోడ్డు దాటించడం. ఉదయం గంట, మధ్యాహ్నం గంట. మెరిసే కోటు వేసుకుని బోర్డు పట్టుకుని నిలబడతాను. ఆ కోటు చూసి మొదట్లో నా భార్య కళ్ళు తుడుచుకుంది. నాకైతే అందులో చిన్నతనమేమీ కనిపించలేదు. నేను చెయ్యి ఎత్తితే ఎంతటి కారైనా ఆగుతుంది.

వేసవి వెళ్ళేసరికి కుక్క పక్కటెముకలు చేతికి తగలసాగాయి. మా అమ్మాయి ఇక వినలేదు.

"నాన్నా, దిస్ ఈజ్ నాట్ నార్మల్. శాటర్డేకి వెట్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేశా. మీరు కూడా వస్తున్నారు. పొద్దున్నే దాని యూరిన్ శాంపిల్ కావాలన్నారు, మీరే పట్టాలి."

"నేనా?"

"అది మీ మాటే వింటుంది మరి. నేను వెనకాలొస్తే ఆట అనుకుంటుంది."

పొడుగు కాడ గరిటె ఒకటి పట్టుకుని శనివారం తెల్లవారాక ఇంటి ముందు గడ్డిలో దాని వెనక తిరిగాను. అది కూర్చోబోతుంది, నేను వంగుతాను, అది లేస్తుంది. నా నడుము సులభంగా వంగే రకం కాదు. ఎదురింటి పంజాబీ పెద్దమనిషి చెత్తడబ్బా లోపల పెట్టుకుంటూ ఆగి చూశాడు.

"అంకుల్, ఆల్ గుడ్?"

"ఆల్ గుడ్," అన్నాను, గరిటె వెనక్కి దాచుకుంటూ.

కిటికీలోంచి నా భార్య గొంతు వినిపించింది. "ఆ గరిటె మళ్ళీ నా వంటింటి గుమ్మం తొక్కిందంటే చూడండి!"

చివరికి రెండు చెంచాలంత దొరికింది. రంగు చూసి తృప్తిపడ్డాను. మంచినీళ్ళలా తేటగా ఉంది. ఇంత శుభ్రమైన మూత్రం చూసి డాక్టరు మమ్మల్ని ఇంటికి పంపించేస్తుందనుకున్నాను.

డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. మేం కుర్చీల్లో కూర్చున్నాం, ఆమె కిందనే, కుక్క పక్కన నేలమీద కూర్చుంది. ఒక డాక్టరు నా ఎదుట నేలమీద కూర్చోవడం నాకు ఇబ్బందిగా అనిపించి నేను లేచి నిలబడ్డాను. బహుశా అది ఆమెకు ఇంకో రకంగా అర్థమై ఉంటుంది. కుక్క తోక మొదట్లో చిన్న పట్టీ చుట్టి బీపీ చూసింది. కుక్కకు బీపీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ముందుకాలి నుంచి రక్తం తీసింది. ఆ పని జరుగుతున్నంతసేపూ కుక్క నన్నే చూసింది.

"ఏం పెడుతున్నారు దీనికి?" అని అడిగింది.

"దానికి ఏ లోటూ లేదు," అన్నాను.

"మంచిది. కానీ ఏమేం పెడతారు? రోజుకు ఎంత?"

దాచాలని కాదు, పెట్టింది చెప్పడానికి నోరు రాలేదు. మా అమ్మాయి అందుకుని, కొట్లో కొన్న గింజల తిండి, కొంచెం అన్నం పెరుగు అని చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది.

రెండు రోజుల తరువాత ఫలితాలు వచ్చాయి. ఆమె ఒక కాగితం మీద కిడ్నీ బొమ్మ వేసి చెప్పింది. రక్తంలో ఉండకూడనివి హద్దు దాటి ఉన్నాయి. క్రియాటినిన్, యూరియా, కొంచెం ఫాస్ఫరస్. అవి సరే. నన్ను తికమక పెట్టింది మూత్రం. అది అంత తేటగా ఉండటమే జబ్బు గుర్తట. బాగున్న కిడ్నీ నీటిని ఒంట్లోనే నిలుపుకుని, చెడునంతా చిక్కగా బయటికి పంపుతుంది. పాడైన కిడ్నీ నీటిని పట్టుకోలేక వదిలేస్తుంది, చెడు లోపలే మిగిలిపోతుంది. అందుకే అంత దాహం, అంత మూత్రం. నేను ఆరోగ్యమని చూసి మురిసింది దాని ఒంట్లోంచి నీరు కారిపోవడాన్ని. కొన్ని వారాలాగి పరీక్ష మళ్ళీ చేశారు, పొట్ట స్కాను కూడా తీశారు. కిడ్నీలు రెండూ చిన్నవైపోయి గరుకుగా ఉన్నాయన్నారు. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఎప్పటి నుంచో ఉన్నది, వెనక్కి తిరిగేది కాదు.

"వైద్యం లేదా?" అన్నాను.

"ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. నయం చేయలేం."

ఆ రెండు వాక్యాల్లో ఏది పట్టుకోవాలో తెలియలేదు. ఉన్నదెంత, పోయిందెంత అని అడిగాను. ఈ జబ్బుకు నాలుగు దశలంటారు, ఇది మూడో దాంట్లోకి అడుగు పెడుతోందంది. మొదటి రెండూ ఎప్పుడు గడిచాయి? నేను ముద్ద పెడుతూ ఉన్నప్పుడేనా? పళ్ళెం ముందు కూర్చుని రోజూ చూసిన జీవంలో ఇంత జరిగితే నాకెందుకు తెలియలేదు?

మందు అని ఇచ్చింది ముఖ్యంగా తిండే. కిడ్నీ జబ్బున్న కుక్కల కోసమే చేసే గింజలు, ఒక పెద్ద సంచి. మాంసకృత్తులు తక్కువ, ఉప్పు తక్కువ, అన్నిటికంటే ముఖ్యంగా ఫాస్ఫరస్ తక్కువ. పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారంలో పూర్తిగా దీనికి మార్చమంది. వికారం తగ్గడానికి ఒక మాత్ర. నీళ్ళు మాత్రం ఎంత తాగితే అంత.

"ఇది తప్ప ఇంకేమీ పెట్టకండి," అంది, మా అమ్మాయివైపు చూసి.

ఇంటికొచ్చి సంచి విప్పి వాసన చూశాను. ఎండిన అట్టముక్కల వాసన. ఒకటి నోట్లో వేసుకుని కొరికాను. నా భార్య చూసి నెత్తి కొట్టుకుంది.

"ఉప్పూ కారం సరిపోయాయా?"

"దీన్ని తిని ఏ ప్రాణీ బతకదు," అన్నాను.

కుక్క అలాగే అనుకుందేమో, గిన్నెలో నాలుగు గింజలు తిని వచ్చి నా కుర్చీ పక్కన కూర్చుంది. ఎముకలు పైకి తేలిన దాని వీపు మీద చెయ్యి వేశాను. ఒంట్లో బలం లేనివాడికి మా వైపు ఏం పెడతారో ఎవరినైనా అడగండి. బాలింతకు, టైఫాయిడ్ నుంచి లేచినవాడికి, కాలు విరిగినవాడికి, అందరికీ ఒకటే మాట: మేకకాళ్ళ సూపు. ఆ ఆదివారమే మాంసం కొట్టుకి వెళ్ళి కాళ్ళు తెచ్చాను. కుక్కకు పడవంటారని ఉల్లి, వెల్లుల్లి, కారం వేయలేదు. కొంచెం పసుపు, చిటికెడు ఉప్పు. కుక్కర్‌లో ఎముక వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించి, ఆ ఎముకనంతా పిసికి, జిగట రసంలో కలిపి, గోరువెచ్చగా పెట్టాను. గిన్నె అడుగు తళతళలాడేలా నాకింది. చాలా నెలల తరువాత దాని తోక కదిలింది.

తరువాత రోజూ అదే. పన్నెండు గంటలకు, బడి పనులు రెంటికీ మధ్య. మా అమ్మాయి ఆఫీసులో ఉంటుంది. నేను దాచి చేయలేదు. కుక్కర్ కూతలు వీధంతా వినిపించేవి. నా భార్య వాసనకి ముక్కు మూసుకునేది కానీ, డాక్టరుకి చెప్పే చేస్తున్నాననుకుంది. డాక్టరుకి నేను చెప్పలేదు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం నాకు లేదు. సూపు మాట నా నోటికి రావడమే లేదు. పైగా, ఆమె పెట్టవద్దంది తిండి. ఇది నా లెక్కలో తిండి కాదు, బలం.

ఆ తరువాత జరిగింది నాకు ఏ మాత్రమూ అర్థం కాలేదు. సూపు చూస్తే పరుగెత్తుకొచ్చే కుక్క, గింజలు ముట్టడం మానేసింది. సూపు తాగిన రోజు హుషారుగా ఉండేది, మర్నాడు పొద్దున నురగ కక్కేది. నోటి వాసన మారింది. మళ్ళీ రక్తం చూశారు. ఫాస్ఫరస్ బాగా పెరిగింది. తిండితో కలిపి పెట్టమని ఒక తెల్లటి పొడి ఇచ్చారు, ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టేస్తుందట. ఆకలి పుట్టడానికి ఇంకో మాత్ర ఇచ్చారు. నేను కంగారుపడి సూపు రెండు పూటలా చేశాను. డాక్టరమ్మ ఇచ్చినవేవీ పనిచేయడం లేదు, నేను పెట్టేదొక్కటే దాన్ని నిలబెడుతోందని నా నమ్మకం. నమ్మకమని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు అది కళ్ళకు కనిపిస్తున్న నిజం.

మూడోసారి నా భార్య కూడా వచ్చి బయట బల్ల మీద కూర్చుంది. లోపల డాక్టరమ్మ ఈసారి కింద కూర్చోలేదు. కుర్చీలో కూర్చుని మెల్లగా చెప్పింది. ఇంత వేగంగా దిగజారుతుందని అనుకోలేదట. తిండి మార్చినా ఫాస్ఫరస్ పెరుగుతోందంటే మిగిలిన కిడ్నీ కూడా పోతోందనే అర్థమట. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించి చూడవచ్చు. లేదా సూది ఇచ్చి దాన్ని బాధ లేకుండా పంపించే విషయం ఇంట్లో మాట్లాడుకోవాలి.

"మరొక్కసారి అడుగుతాను," అంది. "ఇది ఇంకేమైనా తింటోందా? పక్కింటివాళ్ళు పెడుతున్నారా? బయట ఎముకలేమైనా దొరుకుతున్నాయా?"

ఎముకలన్న మాట విన్నాను. విని, గోడ మీదున్న పిల్లి బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

కారులో కుక్క వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టుకుంది. అమ్మాయి డ్రైవ్ చేస్తూ ఏడుస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు సీట్లోంచి నా భార్య తిరిగింది.

"ఏవండీ, సూపు సంగతి ఆవిడతో చెప్పారు కదా?"

నేను కిటికీవైపు చూశాను.

"ఏ సూప్?" అంది అమ్మాయి.

"మేకకాళ్ళదే. రోజూ పెడుతున్నారుగా మీ నాన్న. ఇప్పుడైతే రెండు పూటలాను."

"వాట్? నాన్నా! ఎవ్రీ డే? విత్ బోన్స్?"

"మెత్తగా పిసికే పెడుతున్నాను. గొంతులో అడ్డం పడదు," అన్నాను.

వెనక కారు హారన్ కొట్టింది. అమ్మాయి కదలలేదు.

"బోన్ ఈజ్ ఫాస్ఫరస్, నాన్నా! బోన్ అంటేనే ఫాస్ఫరస్! ఆమె అన్నిసార్లు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"పెట్టింది చెప్పుకునే ఇల్లా మనది?"

ముప్పై ఎనిమిదేళ్ళలో నా భార్య నా వంశాన్ని ఎన్నోసార్లు దెప్పింది, నేను పట్టించుకోలేదు. ఆ రోజు దెప్పలేదు. "అయ్యో, నేనైనా చెప్పాల్సింది," అంది. అంతే.

ఆ సాయంత్రం అమ్మాయి తన గది తలుపు వేసుకుంది. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కాగితం పెట్టుకుని కూర్చున్నాను. నోటితో చెప్పలేనని తెలుసు, కాబట్టి రాయాలి. మొదటి గీత గీయడానికే చాలాసేపు పట్టింది. ఒక్కోరోజు ఒక్కోలా పెట్టినవన్నీ గుర్తు తెచ్చుకుని ఇంగ్లీషులో రాశాను. మేకకాళ్ళు ఎన్ని, ఎముక ఎంత, ఎన్ని గరిటెలు, ఏ పూట. ఉడికించిన గుడ్డు, వారంలో మూడుసార్లు. పెరుగన్నం, నా ముద్దల పరిమాణంలో ఒకటి, ఒక్కోసారి రెండు. మాంసం వండిన రోజు నా పళ్ళెంలోని మూలగ. రాస్తూంటే చెవులు వేడెక్కాయి. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఇలాంటి కాగితం రాసి ఉండరు. పూర్తయ్యేసరికి రెండు పక్కలా నిండింది. పెట్టింది ఇంత ఉందా అని నాకే విస్మయం కలిగింది.

మర్నాడు ఉదయం పిల్లల్ని దాటించాక, కోటు విప్పి చేతిమీద వేసుకుని ఆసుపత్రికి నడిచి వెళ్ళాను. డాక్టరమ్మను రెండు నిమిషాలు అడిగాను. కాగితం ఆమె చేతికిచ్చి నిటారుగా నిలబడ్డాను. ఎన్ని మాటలన్నా పడాలని నిర్ణయించుకునే వెళ్ళాను.

ఆమె చదివింది. తిప్పి రెండో పక్క చదివింది.

"ఇది రోజూనా?"

"రోజూ."

"ఎప్పటి నుంచి?"

"దాని కిడ్నీలు నీరసించాయని మీరు చెప్పిన వారంలోనే, ఆదివారం నుంచి."

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. తిట్టడానికి మాటలు కూడబలుక్కుంటోందనుకున్నాను. చేతులు తీస్తే ఆమె నవ్వుతోంది.

"ఈ కుక్క విషయంలో ఇంత మంచి వార్త నేను ఇప్పటిదాకా వినలేదు," అంది.

నేను సరిగ్గా వినలేదేమోనని మళ్ళీ చెప్పమన్నాను. కిడ్నీలు వాటంతట అవే కూలిపోతున్నాయనుకుందట. ఇప్పుడు ఫాస్ఫరస్ ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది, దాన్ని ఆపవచ్చు. ఆపితే అసలు జబ్బు ఎంతుందో కనిపిస్తుంది. నాలుగు వారాలు ఆగి చూద్దాం, పంపించే మాట అంతవరకు వద్దు అంది. కాగితం ఉంచుకోవచ్చా అని అడిగింది. తలూపాను.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. నేను చేసిన హాని మంచి వార్త ఎలా అయిందో అర్థం కాలేదు. ఆమె కోప్పడి ఉంటే నాకు తెలిసిన దారిలో సిగ్గుపడి ఇంటికి పోయేవాణ్ణి. ఆమె నవ్వింది. ఆ నవ్వును ఏం చేసుకోవాలో తెలియక చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఆ నాలుగు వారాలు నేను గరాజులో భోజనం చేశాను. అది పక్కన కూర్చుని చూస్తే నా చెయ్యి ఆగదని నాకు తెలుసు. గరాజు షట్టరు దించుకుని, మడత కుర్చీ వేసుకుని, కారు పక్కన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నాను. మొదటి ముద్ద కలిపి ఎటు పెట్టాలో తెలియక దాన్ని పళ్ళెం అంచున ఉంచి, చివర్లో నేనే తినేవాణ్ణి. నా భార్య తలుపు సందులోంచి, "మహారాజుగారికి పెరుగు తేనా?" అని అడిగేది. తలుపు అవతల కుక్క గోళ్ళతో గీకేది.

గింజలు రెండు రోజులు ముట్టలేదు. అమ్మాయి నాతో మాట్లాడటం మొదలుపెట్టింది గానీ కుక్క గురించి తప్ప మాట్లాడేది కాదు.

"డాక్టర్ మెత్తటి ఫుడ్ ఇచ్చింది చూడండి, టిన్‌లోది. సేమ్ కిడ్నీ డైటే. కొంచెం వార్మ్ చేసి పెట్టమంది. మీరు పెట్టకండి, అమ్మ పెడుతుంది. మీ చేతిలోంచి అది సూపే ఎక్స్‌పెక్ట్ చేస్తుంది."

మూడో రోజు నా భార్య టిన్నులోది వెచ్చచేసి, తెల్లపొడి కలిపి, గిన్నెలో పెట్టింది. కుక్క వాసన చూసి తినడం మొదలుపెట్టింది. నేను గది మూలన నిలబడి చూశాను. అది మొత్తం తింది, నావైపు ఒక్కసారీ తిరగలేదు. నాకు కలిగింది సంతోషమే, సందేహం లేదు. అది గరాజులోకి వెళ్ళి తలుపు వేసుకోవాలనిపించే రకం సంతోషం. మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది. ఎందుకేసిందో అడగలేదు.

కక్కడం తగ్గింది. నోటి వాసన తగ్గింది. నీళ్ళు మాత్రం అంతే తాగేది. దాన్ని చూసి ఒకరోజు ధైర్యం, ఒకరోజు దిగులు. అదే నీళ్ళ గిన్నె చూసి వెనక నేను ఎంత తప్పుగా అనుకున్నానో గుర్తొచ్చి, ఇప్పుడు ఏమనుకోవడానికీ సాహసించలేదు. బాగుందా అని నా భార్య అడిగితే, తెలియదు అనడం నేర్చుకున్నాను. ఆ మాట ఆమెకు కొత్త. మొదటిసారి అన్నప్పుడు నాకు జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

నాలుగో వారం రక్తం తీసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ నాకే ఫోను చేసింది. ఫాస్ఫరస్ దాదాపు హద్దు దగ్గరికి దిగింది. క్రియాటినిన్ కొంచెం దిగి అక్కడ ఆగింది. అది దాని అసలు స్థితి, అంతకంటే దిగదు. ఎన్నాళ్ళు ఉంటుందని అడిగాను. కొన్ని కుక్కలు నెలలు ఉంటాయి, కొన్ని ఏళ్ళు ఉంటాయి, ఇది ఏ రకమో చెప్పలేనంది. ముందు ముందు చర్మం కింద సెలైన్ ఇంట్లోనే ఎక్కించాల్సి రావచ్చు, సూది పెట్టడం నేర్చుకుంటారా అని అడిగింది. నేర్చుకుంటానన్నాను. సూది చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయని చెప్పలేదు, తరువాత మళ్ళీ ఆలోచించి అదీ చెప్పాను. పరవాలేదు, నెమ్మదిగా నేర్పిస్తానంది. మూడు నెలల తరువాత తీసుకురమ్మంది.

ఫోను పెట్టేసరికి నా భార్య చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడింది.

"ఏమందండీ?"

"పెరిగింది దిగిందట. పోయింది మాత్రం రాదట."

"అంటే మంచిదా, చెడ్డదా?"

"నాకు అర్థం కాలేదు."

"మళ్ళీ ఎప్పుడు రమ్మంది?"

"మూడు నెలలకి."

"ఇంకేం మరి. ఉండదనుకుంటే రమ్మంటుందా?"

ఆవిడ అలా అనలేదు, అది రక్తం చూసే వాయిదా మాత్రమే అని చెప్పబోయాను. కుక్క మా ఇద్దరి మధ్యా నేలమీద పడుకుని ఒకరి తరువాత ఒకరి మొహం చూస్తోంది. నా భార్య అప్పటికే క్యాలెండరులో మూడు కాగితాలు తిప్పి వేలు పెట్టి నిలబడింది. శనివారమా, మామూలు రోజా అని అడుగుతోంది.

శనివారమే రాయమన్నాను.